చెరకు వైవిధ్యం కొలవబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్ములుకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు కోయంబత్తూరు వెళ్లి చెరకు రకాల జన్యు వైవిధ్యం కొలిచే పనిలో చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పిన రోజు నుంచి నాకు సరిగా నిద్ర లేదు. సంతోషం సగం, భయం సగం. మన ఏటి గట్టున శరత్కాలంలో తెల్లగా పూసే రెల్లు ఉంది చూడు, ఆ జాతితో చెరకును సంకరపరచి, 1918లో కో 205 రకాన్ని విడుదల చేసింది ఆ ఊళ్లోనే. ఆ నేల మీద మన ఇంటి పిల్ల పనిచేయబోతోందంటే గర్వం కాక మరేముంటుంది?

మామూలు సంగతులు ముందుగా ముగిస్తాను. మొవ్వులోని లేత ఆకునే కోసి, వెంటనే మంచుపెట్టెలో వెయ్యి. ముదురు ఆకు నుంచి తీసిన డీఎన్ఏ గోధుమ రంగుకు తిరిగి జిగురుగా తయారవుతుంది. జెల్ తయారీకి వాడే యాక్రిలమైడ్ నరాలను దెబ్బతీస్తుంది, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. తోటలోకి పొడుగు చేతుల చొక్కా, బూట్లు వేసుకునే వెళ్లు. చెరకాకు అంచు రంపం లాంటిది, జడచుట్టు కట్టిన సాళ్లలో పాములుంటాయి.

లెక్క దగ్గర మాత్రం కాస్త ఆగు. తీపి చెరకుకు 80 క్రోమోజోములు, రెల్లుకు 40 నుంచి 128 దాకా, మనం సాగు చేసే సంకర రకాలకు 100 నుంచి 130 దాకా ఉంటాయి కాబట్టి, ఒక్కో జన్యువుకు పది పన్నెండు నకళ్లు ఉండవచ్చు. వరికో మనిషికో రాసుకున్న సూత్రాలను తెచ్చి దీని మీద రుద్దకూడదు. డీఎన్ఏలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్కలను పట్టి చూపే ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్ నడిపితే, జెల్ మీద ఒకే రకంలో నాలుగైదు బ్యాండ్లు, అంటే గీతలు, కనిపిస్తాయి. ఏ బ్యాండ్ ఎన్ని నకళ్ల నుంచి వచ్చిందో జెల్ చెప్పదు. అందుకే ఉంటే ఒకటి, లేకపోతే సున్నా అని రాసుకుని, రెండింటిలోనూ లేని బ్యాండ్‌ను పోలికగా లెక్కించని జకార్డ్ గుణకంతో పోల్చు. డీఎన్ఏను పెంచే పీసీఆర్ విఫలమై, జెల్‌లో ఆ నమూనా నడిచే లేన్ మొత్తం ఖాళీగా వస్తే అక్కడ సున్నాలు పెట్టవద్దు, గడి ఖాళీగా వదిలి మళ్లీ నడుపు. ఈ పొరపాటు చేసి కూడా తెలియనట్టు ఊరుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక నా తప్పు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

నేను ఉద్యోగంలో కుదురుకుంటున్న రోజుల్లో, ఊళ్లు తిరిగి సేకరించిన పాత రకాలను వరుసకొకటి చొప్పున నాటించాను. పదిహేడో వరుసలో ఒక ముసలి రైతు పెరటి నుంచి అడిగి తెచ్చిన నాటు చెరకు ఉండేది. వానకు ఆ వరుసలో నాటిన ముచ్చెలు, అంటే గడ ముక్కలు, సగం కుళ్లిపోయాయి. ఖాళీలు పూడ్చమని కూలీలకు చెప్పి, మీ అమ్మ పెళ్లికని నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లిపోయాను. వాళ్లు పక్కనున్న పద్దెనిమిదో వరుస చివర మిగిలిన మొలకలు తీసి ఇందులో నాటారు. వాళ్లననడానికి ఏముంది? ఎక్కడి మొలకలు తెచ్చి నాటాలో నేను చెప్పలేదు.

ఐదు నెలల తరువాత ఆకు సేకరించడానికి వెళ్లి, గట్టుకు దగ్గరగా ఉందని మొదటి దుబ్బు నుంచే కోశాను. జెల్‌లో పదిహేడు, పద్దెనిమిది అచ్చం ఒకటే, ఒక్క బ్యాండ్ కూడా తేడా లేదు. నాకెంత సంబరమో! ఒకే రకానికి రెండు పేర్లున్నాయని కనిపెట్టానని నివేదిక రాసి, పదిహేడును జాబితా నుంచి తీసేయమని సిఫారసు చేశాను. మోడు నుంచి మళ్లీ చిగురించే కార్శి పంటకు ఉంచకుండా ఆ వరుసను దున్నేశారు.

మరుసటి ఏడు నాట్లప్పుడు, మాతో పనిచేసే ఒక పెద్దాయన తలపాగా సర్దుకుంటూ అడిగాడు: "ఊదా గడ వరుస ఏదండీ బాబూ, ఈసారి వెయ్యలేదేం?" పద్దెనిమిది ఆకుపచ్చ గడ. గదికి పరుగెత్తి రిజిస్టరు తీశాను. పదిహేడో నంబరు ఎదురుగా, నా చేతిరాతతోనే ఉంది: ఊదా గడ, ఉబ్బిన కన్ను, కణుపు కింద దట్టమైన మైనపు పొడి. జెల్ అబద్ధం చెప్పలేదు, నేను తెచ్చిన ఆకు గురించి నిజమే చెప్పింది. ఆ ఊరికి వెళ్లేసరికి ముసలాయన లేడు, పెరడు ఇల్లయింది. చెరకును ముచ్చెతో బతికించుకోవాలే తప్ప, విత్తనంతో అదే రకం తిరిగి రాదు. వైవిధ్యం కొలవబోయి దానిలో ఒక వరుస నేనే చెరిపేశాను.

నా భయం అదీ, అమ్ములూ. ఉత్తరప్రదేశ్‌లో కో 0238 రకం ఒక్కటే పొలాల నిండా పరుచుకుని, చివరికి ఎర్రకుళ్లు తెగులుకు లొంగిపోవడం చూశాం. ఎర్రకుళ్లు పట్టిన గడను నిలువునా చీలిస్తే ఎర్రటి కండలో అడ్డంగా తెల్ల మచ్చలు, పులిసిన కల్లు వాసన. ఆ వాసన పీల్చినప్పుడల్లా, దీన్ని తట్టుకునే గుణం నా ఊదా గడలో ఉండేదేమోనన్న ఆలోచన వస్తుంది. ఉండకపోయి ఉండవచ్చు కూడా.

కనుక రెండు రకాలు ఒకటేనని నీ పట్టిక చెప్పినప్పుడు, నివేదిక రాసే ముందు రిజిస్టరు పట్టుకుని తోటలోకి వెళ్లు. గడ రంగు, కన్ను, ఆకు తొడుగు మీది నూగు చూడు. వేరే దుబ్బుల నుంచి మళ్లీ ఆకు తియ్యి. నీ పైవాళ్లు తొందరపెడితే, మా మామయ్య మొండివాడు, ఒప్పుకోడని చెప్పు.

ట్యాగుల మీద పెన్సిల్‌తోనే రాయి, వానకు సిరా కరిగిపోతుంది. మీ అమ్మ చేత అరడజను పెన్సిళ్లు, వేరుశనగ ఉండలు పంపుతున్నాను. ఉండలు హాస్టల్లో పంచిపెట్టు, పెన్సిళ్లు మాత్రం ఎవరికీ ఇవ్వకు.

మీ మామయ్య