గైడ్ లేని సముద్రం: బొనైర్ ప్రయాణంపై మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో ఏదో మాటల మధ్య బొనైర్ పేరు రాశానో లేదో, ఉత్తరాలు వరస కట్టాయి. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: కరీబియన్ సముద్రంలో, వెనెజువెలా తీరానికి ఉత్తరాన, నెదర్లాండ్స్ పాలనలో ఉన్న చిన్న ద్వీపం అది. పడవ ఎక్కే పని లేకుండా ఒడ్డు నుంచే నడుచుకుంటూ దిగి స్కూబా డైవింగ్ చేయొచ్చని దానికి పేరు. హుస్సేన్‌సాగర్ తప్ప వేరే నీళ్లు చూడని మన ఊళ్లో దీని మీద మనసుపడ్డవాళ్లు ఇంతమంది ఉన్నారా అని నాకే ఆశ్చర్యం. అన్నిటికీ జవాబు రాయడం కుదరదు, ఎక్కువమంది అడిగినవి ఇవి.

అక్కా, మేం నలుగురం ఫ్రెండ్స్, గచ్చిబౌలిలో ఒకే ఆఫీసు. నిరుడు అండమాన్‌లో హేవ్‌లాక్ వెళ్లి డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు చేశాం, తలా ఆరేడు డైవ్‌లు అయ్యాయి. డిసెంబర్‌లో పది రోజులు బొనైర్ వెళ్లి రోజుకు మూడు చొప్పున కొట్టేద్దామని ప్లాన్. ట్రక్కు అద్దెకు తీసుకుంటే గైడ్ అక్కర్లేదట కదా, ఆ డబ్బు కూడా మిగులుతుంది. మేం రెడీయేనా? ఏ స్పాట్లు మిస్ కాకూడదు?

ఇంకా కాలేదు తమ్ముడూ. కోపం తెచ్చుకోకుండా మిగతాది చదవండి.

హేవ్‌లాక్‌లో మీరు చేసిన డైవ్‌లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ట్యాంక్ ఎవరు బిగించారు? ఎటు వెళ్లాలో ఎవరు చూపించారు? గాలి ఎంత ఉందని మాటిమాటికీ అడిగిందెవరు? ఇన్‌స్ట్రక్టరే. బొనైర్‌లో ఆ మనిషి ఉండడు. రోడ్డు పక్కన పసుపు రంగు పూసిన రాయి మీద డైవ్ సైట్ పేరు రాసి ఉంటుంది, అచ్చం మన హైవే మీద కిలోమీటరు రాయిలా. దాని దగ్గర ట్రక్కు ఆపుతారు, సామాను తగిలించుకుంటారు, దిగుతారు. చెప్పేవాడూ లేడు, ఆపేవాడూ లేడు. ఆ స్వేచ్ఛ కోసమే జనం అంత దూరం వెళ్తారు, నేనూ అందుకే వెళ్లాను. కానీ ఆ స్వేచ్ఛను వాడుకోవడం వెళ్లకముందే నేర్చుకోవాలి.

మొదట గాలి లెక్క. నీళ్ల మీద నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే మనిషికి 15 మీటర్ల లోతులో పీడనం రెండున్నర రెట్లు కాబట్టి నిమిషానికి 50 లీటర్లు కావాలి. మామూలు అల్యూమినియం ట్యాంక్ 11 లీటర్లది, 200 బార్ (గాలి ఒత్తిడికి కొలత అది) నింపితే 2,200 లీటర్లు. అందులో ఆఖరి 50 బార్ ముట్టుకోకూడదు. మిగిలేది 1,650 లీటర్లు, అంటే 33 నిమిషాలు. ఇది పోవడానికీ రావడానికీ కలిపి. పడవ డైవ్‌లో ఎక్కడ తేలినా పడవే వచ్చి ఎక్కించుకుంటుంది, ఇక్కడ దిగిన చోటికి మీరే రావాలి. అందుకే ట్యాంక్ గాలి చూపించే గేజ్ 130 బార్ దగ్గరికి రాగానే వెనక్కి తిరగండి. నలుగురిలో ఎవరి గాలి ముందు తగ్గుతుందో ఆ మనిషిదే అందరి లెక్క, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంకొకటి, ముందు నీటి ప్రవాహానికి ఎదురు వెళ్లాలి. అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు అదే మిమ్మల్ని తోస్తుంది. ప్రవాహం ఎటు ఉందో దిగే ముందు ఒడ్డున రెండు నిమిషాలు నిలబడి చూస్తే చాలు, లంగరేసి ఉన్న పడవల ముక్కు ఎటు తిరిగి ఉందో చూసినా కొంత తెలుస్తుంది. కాకపోతే వీచే గాలి కూడా పడవను తిప్పుతుంది కాబట్టి దాన్నే నమ్ముకోకండి.

తర్వాత, దిగడం. పుస్తకాల్లో దీని గురించి ఒక పేరా ఉంటుంది, నిజానికి సగం దెబ్బలు ఇక్కడే. బొనైర్ ఒడ్డంటే మెత్తటి ఇసుక అనుకోకండి, చాలా చోట్ల చచ్చిన పగడాల ముక్కలు, నున్నటి రాళ్లు, మధ్యలో గుంటలు. వీపున ట్యాంక్, నడుముకి మునగడానికి కట్టుకునే సీసం. నా మొదటిరోజు సంగతి చెప్తాను. తెలివి ఎక్కువై ఒడ్డునే ఫిన్స్ (కాళ్లకు వేసుకునే ఈత రెక్కలు) తొడుక్కుని బాతులా నడిచాను. మోకాలి లోతులో చిన్న అల, చిన్నదే, వెనక నుంచి మడమ లాగినట్టయింది. రెండు చేతులూ రాళ్ల మీద పడ్డాయి, నుదుటి మీద పెట్టుకున్న మాస్క్ ఎటుపోయిందో తెలీదు, నా పార్ట్‌నర్ నన్ను లేపలేక తనూ కూర్చుండిపోయింది. అరచేతులు మంట, ఆ పూట డైవ్ లేదు, మాస్క్ కొనడానికి మళ్లీ ఊళ్లోకి. ఆ సాయంత్రం డైవ్ షాపు పెద్దాయన చూపించిన పద్ధతి ఇది: గట్టి అడుగున్న బూట్లు వేసుకో, మాస్క్ మెడలోకి దించుకో, గాలి పీల్చే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకో, తేలడానికి వేసుకునే జాకెట్‌లో, అంటే బీసీడీలో, గాలి నింపు, పార్ట్‌నర్ భుజం పట్టుకుని పాదం ఎత్తకుండా ఈడుస్తూ నడువు, నడుం లోతు రాగానే నీళ్లలో పడుకుని అప్పుడు ఫిన్స్ తొడుక్కో. వచ్చేటప్పుడు ఇదే తిరగేసి.

కాబట్టి డిసెంబర్‌ ప్రయాణాన్ని ఒక ఏడాది వాయిదా వేయండి. ఈలోగా వైజాగ్ రుషికొండ దగ్గరో, కర్ణాటకలో మురుడేశ్వర్ పక్కన నేత్రాణి దగ్గరో, లేదా మళ్లీ అండమాన్‌లోనో డైవ్‌లు పెంచుకోండి. మొత్తం పాతిక దాకా రానివ్వండి. దిక్సూచి పట్టుకుని దారి తీసే పని ప్రతిసారీ మీలో ఒకరు అడిగి తీసుకోండి. నైట్రాక్స్ కోర్సు కూడా చేస్తే రోజుకు మూడు డైవ్‌లు చేసేవాళ్లకు ఉపయోగం. నైట్రాక్స్ అంటే ట్యాంక్‌లో నింపే ఒక రకం గాలి, అందులో ఆక్సిజన్ పాలు ఎక్కువ, నైట్రోజన్ తక్కువ, ఒకే లోతులో ఎక్కువసేపు ఉండొచ్చు. అంతేగానీ దానితో ఇంకా లోతుకి పోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి, మామూలు గాలి కంటే దాని లోతు పరిమితే తక్కువ.

ఇక స్పాట్లు. ద్వీపం చేరాక మెరైన్ పార్క్ రుసుము కట్టి, నియమాలు విని, అలవాటుపడేందుకు ఒక ఓరియంటేషన్ డైవ్ చేస్తేనే మిగతా చోట్లకు అనుమతి. అది బస దగ్గరి రేవులోనే అయిపోతుంది. మొదటి రెండు రోజులు ఎయిర్‌పోర్ట్ దగ్గరున్న విండ్‌సాక్ లాంటి తేలిక చోట్లే తిరగండి. ఉత్తరాన థౌజండ్ స్టెప్స్ అని ఉంది, పేరుకే వెయ్యి మెట్లు, లెక్కపెడితే డెబ్బై అటూ ఇటూ. ట్యాంక్ వీపున వేసుకుని ఎక్కేటప్పుడు ఆ పేరు పెట్టినవాడికి దండం పెడతారు. సాల్ట్ పియర్ మాత్రం వదలొద్దు, ఉప్పు ఓడలకు ఎక్కించే రేవు అది, ఆ స్తంభాల నిండా పగడాలు, స్పాంజీలు, వాటి మధ్య చేపల గుంపులు. ఓడ ఉన్నప్పుడు దిగనివ్వరు, కాబట్టి ముందు కనుక్కుని వెళ్లండి. హిల్మా హూకర్ అనే మునిగిన ఓడ గురించి మీరు వినే ఉంటారు, 1984లో గంజాయితో పట్టుబడి, ఆ తర్వాత అక్కడే మునిగిపోయింది. దాని అడుగు 30 మీటర్ల దగ్గర ఉంది. మీ ఓపెన్ వాటర్ కార్డు 18 మీటర్లకే. అడ్వాన్స్‌డ్ కోర్సు చేశాక చూద్దురుగాని.

ట్రక్కు గురించి ఒక మాట. మీరు నీళ్లలో ఉన్నంతసేపూ అది రోడ్డు పక్కన ఒంటరిగా ఉంటుంది. అద్దాలు దించేసి, లోపల ఏమీ ఉంచకుండా వెళ్లడమే అక్కడి అలవాటు, మూసి పెడితే లోపలేదో ఉందని అద్దం పగలగొడతారు. నేను పాస్‌పోర్ట్, ఫోన్ అన్నీ గదిలో పెట్టి చాలా జాగ్రత్తపడ్డాననుకున్నాను. తిరిగొస్తే నా పాత రబ్బరు చెప్పులు లేవు! ఎండకు కాలిన క్లచ్ మీద వట్టి పాదం పెట్టి నడపడం ఎలా ఉంటుందో మీకు వద్దు. తాళంచెవి నీళ్లలోకి తీసుకెళ్లాలి కదా, బటన్ తాళాలైతే చచ్చిపోతాయి, నీళ్లు చొరని చిన్న డబ్బాలో వేసి బీసీడీకి కట్టుకోండి. అక్కడ కుడివైపు నడపాలి, అది కూడా గుర్తుంచుకోండి.

మేడమ్, ఉప్పల్ నుంచి రాస్తున్నాను. నా దగ్గర ఐరోపా షెంగెన్ వీసా ఉంది. బొనైర్ నెదర్లాండ్స్‌దే కాబట్టి దానితో వెళ్లొచ్చని మా బావ అంటున్నాడు. మొత్తం ఖర్చులో బయటికి కనిపించనివి ఏముంటాయి?

మీ బావగారి లాజిక్ బాగుంది గానీ, ఆ ద్వీపాలు షెంగెన్ లోకి రావు. నెదర్లాండ్స్ రాజ్యపు కరీబియన్ భాగాలకు వేరే వీసా ఉంది, మన పాస్‌పోర్ట్‌కి అది కావాలి. కొన్ని దేశాల వీసాలున్నవాళ్లకు మినహాయింపులు ఉన్నాయి, మీది అందులోకి వస్తుందో లేదో నెదర్లాండ్స్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. టికెట్ ఆ తర్వాతే. అమెరికా మీదుగా వెళ్తే విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండాల్సిందే, ఇది తెలియక టికెట్ పోగొట్టుకున్నవాళ్లు మా గ్రూపులోనే ఇద్దరు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి అయితే ఇంకో పది గంటల ప్రయాణం.

కనిపించని ఖర్చులంటే, ద్వీపంలోకి అడుగుపెట్టడానికి పన్ను 75 డాలర్లు, ప్రకృతి రుసుము (పైన చెప్పిన మెరైన్ పార్క్ రుసుము ఇదే) 40 డాలర్లు, నాకు తెలిసిన రేట్లివి, వెళ్లే ముందు ఒకసారి చూసుకోండి. అక్కడ నడిచేది అమెరికన్ డాలరే. డైవింగ్ ఇన్సూరెన్స్ వేరుగా తీసుకోండి, మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి డైవింగ్ వర్తించదు, వర్తించినా లోతు పరిమితి పెడతారు. ఇంకో ఖర్చు ఒక రోజు. ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలుండాలి, నేనైతే 24 పెట్టుకుంటాను. ఆ రోజు గదిలో పడుకోకుండా దక్షిణాన ఉప్పు మడుల దగ్గరికి వెళ్లండి, గులాబీ రంగు నీళ్లు, దూరంగా ఫ్లెమింగోలు, రోడ్డు పక్కన 1850లో బానిసల కోసం కట్టిన రాతి గుడిసెలు. లోపలికి వంగి, దాదాపు పాకుతూ వెళ్లాలి. పగలంతా ఎండలో ఉప్పు తీసినవాళ్లు రాత్రిళ్లు పడుకున్నది అందులో.

మా అమ్మాయి స్నేహితులతో వెళ్తానంటోంది. సొరచేపలు, తుఫాన్లు తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. (మల్కాజ్‌గిరి నుంచి ఒక తల్లి)

అమ్మా, సొరచేప కనిపిస్తే మీ అమ్మాయి అదృష్టవంతురాలు, అక్కడ అంత అరుదు. తుఫాన్లు మామూలుగా తిరిగే దారికి బొనైర్ దక్షిణాన ఉంది, అయినా 1999లో లెన్నీ తుఫాను దూరం నుంచి పంపిన అలలకే పడమటి తీరం దెబ్బతింది, అందుకని అక్టోబర్, నవంబర్‌లలో వాతావరణం చూసుకుంటే మంచిది. భయపడాల్సింది ఎండకి, ముట్టుకుంటే మంటపుట్టించే ఫైర్ కోరల్ అనే పగడానికి, ముళ్ల లయన్ ఫిష్‌కి. ఏదీ ముట్టుకోకపోతే చాలు, ముట్టుకోకూడదని అక్కడ చట్టమే ఉంది, చేతి గ్లవ్స్ కూడా వేసుకోనివ్వరు. 2023లో పగడాలకు ఒక జబ్బు సోకింది కూడా, సామాను మందునీళ్లలో కడగమంటారు, విసుక్కోకుండా కడగమనండి. డైవ్ తర్వాత ఒంట్లో బుడగలు ఏర్పడితే చికిత్స చేసే డీకంప్రెషన్ ఛాంబర్ ద్వీపంలోనే ఉంది. ఫోన్ విషయం, మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, వాళ్ల పొద్దుటి టిఫిన్ వేళకు మీకు సాయంత్రం. ఆ వేళకి చేయమనండి, రాత్రి డైవ్‌లో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తలేదని మీరు కంగారు పడకూడదు.

వయసు 52, బీపీ మాత్ర వేసుకుంటాను. కుదురుతుందా? (దిల్‌సుఖ్‌నగర్)

కుదరొచ్చు సార్, కానీ ఆ మాట అనాల్సింది నేను కాదు, మీ గుండె డాక్టర్. కోర్సు ముందు ఇచ్చే ఆరోగ్య ఫారంలో 'లేదు' అని టిక్కులు కొట్టేయకండి, బీపీ అని రాసి డాక్టర్ సంతకం తీసుకెళ్లండి. ఏ మాత్రో కూడా చెప్పండి, కొన్ని రకాలు శ్రమ పడేటప్పుడు గుండె వేగాన్ని పెరగనివ్వవు.

మేం పూర్తి శాకాహారులం అక్కా, పది రోజులు ఎలా?

వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. రాజధాని క్రాలెండైక్ సూపర్‌మార్కెట్లలో బియ్యం, కూరగాయలు, పెరుగు దొరుకుతాయి, కుళాయి నీళ్లు సముద్రపు నీటిని శుద్ధి చేసినవి, తాగొచ్చు. కందిపొడి మీరు పట్టుకెళ్లండి, డైవ్ అయ్యాక ఆకలి మామూలుగా ఉండదు. రైస్ కుక్కర్ మాత్రం ఇక్కడి నుంచి మోసుకెళ్లకండి. అక్కడ కరెంటు 127 వోల్టులు, మన 230 వోల్టుల కుక్కర్‌కి మూడోవంతు వేడి కూడా రాదు. నేను తీసుకెళ్లి, రెండు గంటలు ఎదురుచూసి, నానిన బియ్యం తిన్నాను.