రసెల్ గడిలో సున్నా

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. 'బాస్కెట్‌బాల్‌లో ఆల్‌టైమ్ గ్రేట్ ఎవరు?' అని పేరు పెట్టావు. రాత్రి భోజనం అయ్యాక కూర్చుని రెండుసార్లు చదివాను. భాష బాగుంది, పరుగు ఉంది. రెండో పేజీలో పట్టిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయాను. ఐదు పేర్లు, ఎనిమిది గడులు. బోస్టన్ సెల్టిక్స్ ఆటగాడు బిల్ రసెల్ పేరుకి ఎదురుగా 'బ్లాక్‌లు' గడిలో సున్నా వేశావేమ్మా!

బ్లాక్ చెయ్యడాన్ని, అంటే అవతలివాడి షాట్ బుట్టలో పడకుండా గాల్లోనే అడ్డుకోవడాన్ని, ఒక విద్యగా మార్చిన మనిషి అతను. అవతలివాడి షాట్‌ని బలమంతా చూపించి ప్రేక్షకుల్లోకి కొట్టడం కాదు, తన టీం వాడి చేతికి అందేలా తట్టడం అతని పద్ధతి. మరి సున్నా ఎందుకొచ్చింది? అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ బ్లాక్‌లనీ, స్టీల్స్‌నీ (అవతలివాడి బంతి లాక్కోవడం) అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టిందే 1973-74 సీజన్‌లో. రసెల్ 1969లోనే ఆట మానేశాడు. నువ్వు చూసిన చోట గడి ఖాళీగా ఉండి ఉంటుంది. ఖాళీ బాగోదని సున్నా పెట్టేసి ఉంటావు. కొట్టకపోవడం వేరు, కొట్టింది ఎవరూ రాసుకోకపోవడం వేరు. నీ వ్యాసంలో చిక్కంతా ఇక్కడే ఉంది. అంకె కనిపించగానే నమ్మేశావు, ఆ అంకె పుట్టిన ఏడాది రూల్స్ ఏమిటో అడగలేదు.

విల్ట్ చాంబర్లిన్ ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ కాసేపు కూర్చోవాలి. 1962 మార్చి 2. పెన్సిల్వేనియాలో హెర్షీ, చాక్లెట్ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన చిన్న ఊరు. ఫిలడెల్ఫియా వారియర్స్‌కీ న్యూయార్క్ నిక్స్‌కీ మ్యాచ్. హాల్లో 4,124 మంది. వీడియో లేదు. ఆ రాత్రి 63 షాట్లు వేస్తే 36 పడ్డాయి, ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డులేకుండా వేసే ఫ్రీ త్రోల్లో 32కి 28 పడ్డాయి. ఫ్రీ త్రో అంటే అతనికి కెరీర్ పొడుగునా తలనొప్పే, సగం పడితే సగం పోయేవి. ఆ సీజన్‌లో మాత్రం బంతిని రెండు చేతులతో మోకాళ్ల దగ్గర్నుంచి, గోళెంలోకి బిందె ఎత్తి పోసినట్టు, పైకి విసిరేవాడు. అలా మెరుగ్గానే పడేవి. అయినా తర్వాత నామోషీ అనిపించి ఆ పద్ధతి మానేశాడు. చివరి నిమిషాల్లో అది మ్యాచ్‌లానే లేదు. బంతి అతనికి అందకూడదని నిక్స్ వాళ్లు మిగతావాళ్ల మీద ఫౌల్ చేస్తే, బంతి తిరిగి రావాలని వారియర్స్ వాళ్లు నిక్స్ మీద ఫౌల్ చేశారు. ఆ 100లో గొప్పతనమూ ఉంది, కొంచెం తమాషా కూడా ఉంది. రెండూ రాయి.

అదే సీజన్‌లో అతను మ్యాచ్‌కి సగటున 48.5 నిమిషాలు ఆడాడు. మ్యాచ్ ఉండేదే 48 నిమిషాలు! ఓవర్‌టైమ్‌లతో కలిపి లెక్క అది. పాయింట్ల సగటు 50.4. ఇంకో ఆటగాడు ఆస్కార్ రాబర్ట్‌సన్‌కి ఆ ఏడాది పాయింట్లు, రీబౌండ్లు (బుట్టలో పడని బంతిని పట్టుకోవడం), అసిస్ట్‌లు (బుట్ట వేసేవాడికి బంతి అందించడం) మూడింటిలోనూ సగటు పదికి పైనే. రసెల్ పాయింట్ల సగటు 18.9. అప్పట్లో ఎంవీపీకి, అంటే సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడి బిరుదుకి, ఓటు వేసేది ఆటగాళ్లే. వాళ్లు రసెల్‌కే వేశారు. మోచేతి దెబ్బలు తిన్నవాళ్ల తీర్పు కదా, నీ పట్టిక కంటే దానికి కొంచెం ఎక్కువ విలువ ఇవ్వమంటాను. ఇదే కష్టం క్రికెట్‌లోనూ ఉంది. మన సి.కె.నాయుడు ఆడింది ఏడంటే ఏడు టెస్టులు, సగటు 25. మొదటి టెస్టు నాటికి 36 ఏళ్లు. ఆ అంకెలు చూసి ఆయన్ని పక్కన పెట్టేవాళ్లని నువ్వే కోప్పడతావు.

మైకేల్ జోర్డాన్ మూడు పాయింట్ల షాట్లు 1995-96లో అంత బాగా పడ్డాయని మురిసిపోయావు. ఏ గీత అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లు వస్తాయో, ఆ రోజుల్లో మూడేళ్లపాటు ఆ గీతని బుట్ట దగ్గరికి జరిపారు. ఆ సంగతి చెప్పి మురిసిపో, తప్పులేదు. లెబ్రాన్ జేమ్స్ 2023 ఫిబ్రవరి 7న కరీం అబ్దుల్ జబ్బార్ 38,387 పాయింట్ల రికార్డు దాటాడని రాశావు, నిజమే. కరీం నాలుగేళ్లు కాలేజీలో ఉండి 22 ఏళ్లకి లీగ్‌లోకి వచ్చాడు, లెబ్రాన్ హైస్కూల్ నుంచి నేరుగా 18 ఏళ్లకే వచ్చాడు. కరీం 20 సీజన్లలో వేసిన మూడు పాయింట్ల బుట్ట ఒకే ఒక్కటి. అసలు ఆ గీత ఎన్‌బీఏలోకి వచ్చిందే 1979లో. దీనివల్ల లెబ్రాన్ చిన్నవాడైపోడు. పాఠకుడికి రెండు దారులూ తెలుస్తాయి, అంతే.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. 1998 జూన్‌లో యూటాలో జోర్డాన్ 5.2 సెకన్లు ఉండగా ఆఖరి షాట్ వేసి ఆరో టైటిల్ తెచ్చాక, 'ఇంతటివాడు ఇంతకుముందు లేడు, ఇకముందు రాడు' అని పత్రికలో రాసేశాను. వారం తర్వాత ఒక పెద్దాయన ఆఫీసుకి వచ్చారు, వయసులో ఉన్నప్పుడు ఆడినవారే. మెల్లిగా ఒకటే అడిగారు: "రసెల్ ఆట ఎన్ని చూశారండీ?" ఒక్కటీ చూడలేదు. టీ ఇప్పించి పంపించాను కానీ, ఆయన మొహం చూడలేకపోయాను. ఇక ముందు సంగతి నాకెలా తెలుసని కూడా ఆయన అడగొచ్చు. పెద్దమనసుతో వదిలేశారు.

అలాగని రసెల్ 13 సీజన్లలో గెలిచిన 11 టైటిళ్లు చూపించి లెబ్రాన్ నాలుగింటిని చిన్నబుచ్చకు. 'మా కాలంలో' అని మొదలుపెట్టే మాటలు నాలాంటి ముసలాళ్లకి వదిలెయ్. రసెల్ ఆడినప్పుడు చాలా ఏళ్లు లీగ్‌లో ఎనిమిది తొమ్మిది టీంలే, రెండు సిరీస్‌లు గెలిస్తే టైటిల్. ఇప్పుడు 30 టీంలు, నాలుగు సిరీస్‌లు. మళ్లీ ఇంకో వైపు చూడు. 1961లో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో, బస చేసిన హోటల్ కాఫీ షాపులోనే నల్లజాతి ఆటగాళ్లకి తిండి పెట్టబోమన్నారు. రసెల్, అతని సహచరులు ఆ ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడకుండా వెళ్లిపోయారు. అలాంటి ఊళ్లు తిరుగుతూ ఆడిన సీజన్లు అవి.

నా ఓటు రసెల్‌కే. పక్షపాతం ఉంది, ఒప్పుకుంటున్నాను. నువ్వు లెబ్రాన్ అను, ఫర్వాలేదు, కానీ 'నిస్సందేహంగా' అన్న మాట మూడుసార్లు వాడావు, మూడూ తీసెయ్. ఐదుగుర్నీ మొయ్యలేవు, ఇద్దర్ని తీసుకో. నువ్వు కాలేజీ టీంలో ఆడావు కదా, రీబౌండ్‌కి ఎగిరినప్పుడు ఒంటికి ఏం తెలుస్తుందో నీకు తెలుసు, నాకు తెలీదు. అది వ్యాసంలో ఒక్క చోటా లేదేం?

పట్టిక తీసెయ్యమనను. దసరాలోపు తిరగరాసి పంపు. రసెల్ గడిలో సున్నా కొట్టేసి, 'అప్పట్లో లెక్కపెట్టలేదు' అని రాయి. అంత మాట గడిలో పట్టదంటావా, గడి పెద్దది చెయ్యి.