ఆల్టో ఐడిల్‌లో వణుకుతోంది, ఘాట్‌లో లాగట్లేదు: ట్యూనింగ్ ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు తమ్ముడూ. కాకపోతే నువ్వు మూడు కంప్లైంట్లు కలిపీసావు. ఐడిల్‌లో, అంటే బండి నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచితే, స్టీరింగ్ వణుకుతోంది, సాలూరు నుంచి కోరాపుట్ వైపు సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు లాగట్లేదు, మైలేజ్ పడిపోయింది. ఈ మూడింటికీ కారణం ఒకటే అవ్వాలని లేదు.

మాది కోరాపుట్ దగ్గర సునాబెడ, నాదీ పాత ఆల్టోయే, 796 సీసీ, దాని పనులన్నీ ఇంటి ముందే చేసుకుంటాను. మీ మెకానిక్ "ట్యూనింగ్ చేసీద్దాం" అన్నాడు కదా, ఏటి చేస్తాడో అడుగు ముందు. కార్బరేటర్ బండికైతే పాయింట్ గ్యాప్, టైమింగ్, మిక్చర్ స్క్రూ అన్నీ చేత్తో సెట్ చేసీవోరు. నీది ఎంపీఎఫ్ఐ, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి, పెట్రోల్ ఎంత పోయాలో స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటాది, తిప్పడానికి స్క్రూలేం లేవు. మనం చెయ్యగలిగింది గాలి సరిగ్గా వెళ్తోందా, ప్లగ్గులు సరిగ్గా కొడుతున్నాయా, ఎక్కడైనా లీకుందా చూసుకోడం, అంతే.

ఘాట్ సంగతి ముందు చెప్పీస్తాను. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది, టర్బో లేని ఇంజిన్‌కి ప్రతి వంద మీటర్లకీ సుమారు ఒక శాతం పవర్ తగ్గుతుంది. అంటే ఏసీ వేసి నలుగుర్ని ఎక్కించి లగేజీతో వస్తే 800 సీసీ బండి పైకొచ్చేసరికి సెకండ్ గేర్ అడగడం రోగం కాదు. అదే బండి కింద సాలూరు రోడ్డు మీద కూడా ఈడ్చుకుంటూ నడిస్తేనే అనుమానించు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలెట్టు, పొద్దున్నే అయితే మంచిది. ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పు. మన సైడు ఎర్రమట్టి దుమ్ముకి మాన్యువల్లో రాసిన కిలోమీటర్ల వరకూ ఆగకూడదు, కోతలప్పుడైతే ఎలకలు దాన్లోకి గడ్డి లాక్కొచ్చి గూడు కూడా పెడతాయి. ఫిల్టర్‌ని ఎండకి పట్టి చూడు, వెలుగు రాకపోతే మార్చీ, దులిపి మళ్లీ పెట్టకు. అలాగని దీంతో మైలేజ్ పెరిగిపోద్దని ఆశ పెట్టుకోకు. అమెరికాలో ఓక్ రిడ్జ్ లేబొరేటరీ వాళ్లు 2009లో టెస్ట్ చేసి చెప్పిందేటంటే, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో ఫిల్టర్ మూసుకుపోతే పికప్ పోతుంది కానీ మైలేజ్ పెద్దగా మారదు, మైలేజ్ దెబ్బ తినేది పాత కార్బరేటర్ బండ్లకి. నీ మైలేజ్ కోసం టైర్లలో గాలి, బ్రేక్ పట్టేస్తోందా అన్నవి చూడు. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర మాత్రం వేడి కొడితే అదే దొంగ.

వణుకుడికి అసలు చూడాల్సింది స్పార్క్ ప్లగ్గులు. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పీ, ప్లగ్గులకి కరెంటిచ్చే వైర్లయినా కాయిళ్లయినా ఒక్కోటే తియ్, అన్నీ ఒకేసారి పీకితే ఏది ఎక్కడిదో తెలీకుండా పోద్ది. వైరు పట్టుకుని లాగకు, కింద రబ్బరు బూట్ పట్టుకుని మెల్లిగా తిప్పుతూ లాగు. ప్లగ్ గుంతలో మట్టి ఉంటది, అది ఊదకుండా ప్లగ్ తీసావంటే మట్టంతా సిలిండర్లో పడతాది, సైకిల్ పంపుతో ఊదినా చాలు. తీసిన ప్లగ్గులు ఏ సిలిండర్‌వి ఆ వరసలో పేపర్ మీద పేర్చు. మూడూ లేత గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ బానే ఉంది, పొడి నల్లమసి ఉంటే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది, ఆయిల్ తడి ఉంటే ఆయిల్ లోపలికి దిగుతోంది, అది నీతో అయ్యే పని కాదు. ఒకటి మాత్రమే తేడాగా ఉంటే వణుకు ఆ సిలిండర్‌దే.

కొత్తవి వేసేటప్పుడు ప్లగ్ మొనల మధ్య గ్యాప్ ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు) మాన్యువల్లో ఉన్నంతే పెట్టు, పక్కోడి బండి లెక్క తీసుకోకు. ఎక్కించడానికి స్పానర్ వాడకు, పాత పెట్రోల్ పైపు ముక్క ప్లగ్ వెనక దూర్చి వేళ్లతో తిప్పు, మర అడ్డంగా పడితే పైపు జారిపోద్ది కాబట్టి హెడ్ (ప్లగ్ బిగించే ఇంజిన్ పైభాగం) బతుకుతాది. అల్యూమినియం హెడ్ మర పోయిందంటే ఆ ఖర్చుకి ప్లగ్గులు జీవితాంతం కొనుక్కోవచ్చు. చేత్తో బిగుసుకున్నాక వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌కి ఇంకో అర చుట్టు నుంచి కొంచెం ఎక్కువ, అక్కడితో ఆపీ.

థ్రాటిల్ బాడీ, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి, దాని అంచున నల్లగా జిడ్డు పేరుకుంటే కూడా ఐడిల్ ఊగుతాది. క్లీనర్ గుడ్డకి కొట్టి తుడు, సెన్సార్ల మీదికి కొట్టకు. యాక్సిలరేటర్ కేబుల్ ఉన్న బండైతే లోపలి రేకు వేలితో తెరవొచ్చు, ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే బలవంతంగా నొక్కకు. చుట్టూ ఉన్న చిన్న రబ్బరు పైపులు కూడా వంచి చూడు, పగిలితే ఇంజిన్ ఆన్ చేసినప్పుడు ఇస్స్ మని చప్పుడొస్తాది.

బ్యాటరీ తీసి పెట్టాక మొదట్లో ఐడిల్ కొంచెం అటూఇటూ అవుతాది, కంగారుపడి మళ్లీ విప్పకు, కాస్త నడపనీ.

ఇవన్నీ చేసాక కూడా వణికితే ఇంజిన్ మౌంట్ (ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) చూడు. మూడు సిలిండర్ల బండి ఎలాగూ కొంచెం కదులుతాది, రబ్బరు కుంగిపోతే ఆ కదులుడంతా సీట్లోకి వచ్చీస్తాది. ఇది మార్చడం మటుకు మెకానిక్‌కే వదిలీ, సాలూరులో లారీల పుణ్యమా అని పనోళ్లకి కరువు లేదు.

నీ బండి 2013 తర్వాతదైతే బ్లూటూత్ ఓబీడీ రీడర్ కొను, ఈసీయూ గుర్తించిన లోపాల కోడ్ ఫోన్లో చూపిస్తాది. పీ0300 వస్తే ఏ సిలిండరో తేలని మిస్‌ఫైర్ (పెట్రోల్ సరిగ్గా అంటుకోకపోవడం), పీ0302 అంటే రెండో సిలిండర్‌ది. ప్లగ్ మీదే కాయిల్ ఉండే బండైతే ఆ రెండో కాయిల్‌నీ మొదటిదాన్నీ అటూఇటూ మార్చి పెట్టి కోడ్ చెరిపి నడుపు, కోడ్ పీ0301కి మారిందంటే కాయిలే పోయింది. చెక్ ఇంజిన్ లైట్ ఆగకుండా వెలిగి ఉంటే పర్లేదు, మెల్లిగా ఇంటికొచ్చీయొచ్చు, ఆ లైట్ టపటపా కొట్టుకుంటుంటే మాత్రం ఘాట్ ఎక్కకు, కాలని పెట్రోల్ వెళ్లి సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చీస్తాది.

ప్లగ్గులు తీసాక ఫొటో, కోడ్ ఏదైనా వస్తే ఆ నంబరు ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.