బలి పాఠం చెప్పబోయే ముందు

అమ్మాయ్,

వచ్చే వారం పదో తరగతికి బలి చక్రవర్తి పాఠం మొదలుపెడుతున్నానని, కొంచెం టెన్షన్‌గా ఉందని రాశావు. కొత్తలో అందరికీ ఉంటుంది. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త, శుక్రాచార్యుణ్ణి చెడ్డవాణ్ణి చేయకు. నేను మొదటి పదేళ్లూ అదే తప్పు చేశాను. దానానికి అడ్డుపడ్డ గురువు, వినకుండా ఇచ్చేసిన మహానుభావుడు అని చెప్పేసి, 'కారే రాజులు' గొంతెత్తి చదివి, ప్రతిపదార్థాలు రాయించి, గంట కొట్టేలోపు ముగించేవాణ్ణి. పిల్లలకి మార్కులొచ్చేవి కానీ పద్యం లోపలికి దిగేది కాదు.

అది దానం కథ అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు అది. పోతన అక్కడ చూపించింది రెండు దారులూ తెరిచి ఉన్నప్పుడు మనిషి ఒకదాన్ని ఎలా పట్టుకుంటాడన్నది. శుక్రుడు చెప్పినవాటిలో అబద్ధమేదైనా ఉందా చూడు. మూడడుగుల నేల అడగడానికి వచ్చిన వటుడు, అంటే వామనుడు, విష్ణువే అన్నాడు, నిజం. ఒక అడుగుకి భూమి, ఇంకో అడుగుకి స్వర్గం పోతే మూడోదానికి చోటెక్కడ చూపిస్తావన్నాడు, అదే జరిగింది. ఆపైన తప్పించుకునే దారి కూడా చూపించాడు, ప్రాణం, విత్తం, మానం పోయే సందర్భంలో 'బొంకవచ్చు నఘము వొందదధిప' అని. అంటే ఇంకా ధార పోయలేదు, మాట వెనక్కి తీసుకున్నా పాపం లేదని సాక్షాత్తూ గురువే చెబుతున్నాడు. ఇదంతా పిల్లలకి బాగా ఎక్కేదాకా పుస్తకం మూయించి కూర్చో. 'ఇవ్వకపోతేనే మంచిది కదా టీచర్' అని కనీసం సగం మంది అనాలి, అప్పుడు బలి చేత నోరు తెరిపించు.

అతని నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏంటో గుర్తుందా? 'నిజ మానతిచ్చితి నీవు మహాత్మక!' కాదనలేదమ్మా. మీరు చెప్పింది నిజమే, గృహస్థుడి ధర్మం ఇదే అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఆ సీసంలోనే 'పలికి లేదనుకంటెఁ బాపమెద్ది' అన్నాడు. ఎదుటివాడి మాట తప్పని తేలిపోతే ఇక ఎంచుకోవడానికి ఏముంటుంది, ఎవరైనా సరైనదే పట్టుకుంటారు. ఇక్కడ ఎదుటిమాట కూడా సరైనదే, అదే ఆ పద్యంలో ఉన్న బరువు. మీ పుస్తకంలో ఉన్నా లేకపోయినా ఆ సీసం బోర్డు మీద రాయి, నెమ్మదిగా రెండుసార్లు చదువు.

'కారే రాజులు' దగ్గరికి వచ్చాక గర్జించకు. లెక్కపెట్టు, అందులో ఎనిమిది ప్రశ్నలున్నాయి. ఒక్కో ప్రశ్న దగ్గరా ఆగు. నాకైతే అవి గురువుని అడిగినవి ఎంతో తనని తాను అడుక్కున్నవీ అంతే అనిపిస్తాయి. శిబి లాంటివాళ్లని ఈనాటికీ మరిచారా అంటున్నాడంటే పేరు మీద ఆశ బలికీ ఉంది, 'ఆదిన్ శ్రీసతి' పద్యంలో విష్ణువు చెయ్యి కింద, నా చెయ్యి పైన అన్న గర్వమూ ఉంది. దాన్ని దాచకు. పిల్లలకి దేవుడిలాంటి బలి కన్నా మనిషిలాంటి బలి బాగా అర్థమవుతాడు. 'రాజ్యము గీజ్యమున్' దగ్గర నవ్వుతారు, నవ్వనీ. మనం పెళ్లీ గిళ్లీ అన్నట్టు ఒక చక్రవర్తి రాజ్యాన్ని అంత తేలిగ్గా అనేశాడంటే, లోపల నిర్ణయం అయిపోయినట్టే.

ఇంకొకటి, ఇది నాకు ఒక పిల్ల నేర్పింది. ఒక ఏడాది మూడో బెంచీలోంచి లేచి, 'మా నాన్న కూడా మాటిచ్చాడు సార్, ఫ్రెండు అప్పుకి జామీను సంతకం పెట్టాడు, రెండెకరాలు పోయింది, అమ్మని అడగనే లేదు' అంది. క్లాసు మొత్తం సైలెంట్. నా చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. ఏం చెప్పాలో తెలియక బలి భార్య వింధ్యావళి పద్యం చదివాను, వటుడి కాళ్లు కడగడానికి ఆమె బంగారు కలశంతో నీళ్లు తెచ్చేది. 'భర్త సన్న యెఱిగి' అంటాడు పోతన. ఒక్క సైగ, అంతే. 'ఆమెని కూడా ఎవరూ అడగలేదు కదా సార్' అంది ఆ పిల్ల. బలిని వరుణపాశాలతో కట్టాక ఆమె వచ్చి మాట్లాడుతుంది నిజమే, కానీ అప్పటికి అన్నీ పోయాయి.

అలాంటి ప్రశ్న వస్తే విష్ణువు తర్వాత బలికిచ్చిన సుతల లోకం, వరం, చివరికి మంచే జరిగింది అని కప్పెయ్యకు. మాట ఇచ్చేటప్పుడు బలికి సుతలం సంగతి తెలీదు. పోతుందని మాత్రమే తెలుసు. ఒకరి నిర్ణయానికి ఇంట్లోవాళ్లు కూడా చెల్లిస్తారని ఆ పిల్లకి అప్పటికే తెలుసు, మనం ఆ మాటని క్లాసులో ఉండనిస్తే చాలు.

రెండు పీరియడ్లు పట్టినా ఫర్వాలేదు, సిలబస్ తర్వాత సర్దుకోవచ్చు. పాఠం అయ్యాక ఎవరు శుక్రుడి పక్షాన నిలబడ్డారో, ఏమన్నారో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెదనాన్న