23 మి.మీ. కావాలా, 30 మి.మీ. సరిపోతుందా?

ప్రశ్న: ఇన్నాళ్లూ ఫుల్‌ఫ్రేమ్ (36 × 24 మి.మీ. సెన్సరున్న) కెమెరాకు 16-35 మి.మీ. జూమ్ లెన్సు పెట్టి ప్రకృతి దృశ్యాలు, పాత భవనాల లోపలి భాగాలు తీస్తూ వచ్చాను. ఈమధ్యే 102 మెగాపిక్సెళ్ల ఫుజీఫిల్మ్ జీఎఫ్‌ఎక్స్ కెమెరాకు మారాను. దీనికి వైడ్ యాంగిల్ లెన్సు ప్రస్తుతానికి ఒక్కటే కొనగలను. జీఎఫ్ 23 మి.మీ. ఎఫ్/4, జీఎఫ్ 30 మి.మీ. ఎఫ్/3.5 లెన్సుల్లో ఏది తీసుకోమంటారు? కెనాన్ టీఎస్-ఈ 24 మి.మీ. ఎఫ్/3.5 రెండో తరం షిఫ్ట్ లెన్సు (కెమెరాను వంచకుండానే పైకి, పక్కకు జరపగలిగే లెన్సు) కూడా నా దగ్గర ఉంది. దాన్ని అమ్మేసి ఆ డబ్బు ఇందులో కలుపుదామనుకుంటున్నాను.

జవాబు: మీరు చివర్లో రాసిన మాట దగ్గరే మీ ప్రశ్నకు సమాధానం ఉంది కాబట్టి, ఆ షిఫ్ట్ లెన్సును అప్పుడే అమ్మవద్దని ముందుగా చెప్పి, కారణం తర్వాత వివరిస్తాను.

మీ కొత్త కెమెరా సెన్సర్ 43.8 × 32.9 మి.మీ. ఉంటుంది. దాని కర్ణం దాదాపు 55 మి.మీ., ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కర్ణం 43.3 మి.మీ. అందువల్ల ఫోకల్ లెంగ్త్‌ను, అంటే లెన్సు పేరులోని మి.మీ. అంకెను, 0.79తో గుణిస్తే మీకు అలవాటైన లెక్క వస్తుంది: 23 మి.మీ. లెన్సు పాత కెమెరాలోని 18కి, 30 మి.మీ. లెన్సు 24కి సమానమవుతాయి. అయితే ఇది కర్ణానికి కట్టిన లెక్క. పాత ఫ్రేము 3:2 నిష్పత్తిలో ఉండగా కొత్తది 4:3లో ఉంది కనుక, వెడల్పు ఒక్కటే చూస్తే 23 మి.మీ. లెన్సు 19లా, ఎత్తు ఒక్కటే చూస్తే 17లా పనిచేస్తుంది. అంటే అదనంగా వచ్చేదంతా పైన ఆకాశమో పైకప్పో, కింద మీ కాళ్ల ముందున్న నేలో అవుతుంది. ఆ నేలలో చూడదగినదేదీ లేకపోతే ఫొటోలో మూడోవంతు ఖాళీగా మిగిలిపోతుంది.

అందుకే వైడ్ లెన్సు కొనేవారు ఎంత పడుతుందని కాక, అతి దగ్గరగా ఏది ఉండబోతోందని ఆలోచించాలని నేను అంటాను. ట్రైపాడ్‌ను మోకాలి ఎత్తుకు దించి, లెన్సుకు మీటరున్నర దూరంలో నాచు పట్టిన బండను పెట్టుకుని, దాని వెనక కొండలను పేర్చే అలవాటు మీకుంటే 23 మి.మీ. లెన్సు అద్భుతంగా పనిచేస్తుంది. అపెర్చర్‌ను (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/11 వద్ద ఉంచి సుమారు రెండున్నర మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే ఆ బండ నుంచి కొండల దాకా స్ఫుటంగా వస్తాయి. నిలబడిన ఎత్తు నుంచే దూరపు దృశ్యాలు తీసేవారికి మాత్రం అదే లెన్సు కొండలను చీమంత చేసి చూపిస్తుంది.

అంచుల సంగతి కూడా గమనించాలి. 23 మి.మీ. లెన్సుతో ఫ్రేము పక్క అంచున ఒక బంతిని ఉంచితే అది గుండ్రంగా కాక, పొడవు వెడల్పుకు దాదాపు 1.4 రెట్లున్న గుడ్డులా కనిపిస్తుంది, 30 మి.మీ.తో ఆ సాగుడు 1.24 రెట్లకు తగ్గుతుంది. ఇది లెన్సులో లోపం కాదు, సరళరేఖలను సరళంగా నిలుపుతూ దృశ్యాన్ని చదునైన సెన్సర్ మీద పరచడం వల్ల వచ్చేదే. గుండ్రటి స్తంభాలున్న మండపాలు, అంచున మనుషులున్న ఫొటోలు తీసేవారికి ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

కొనకముందే పరీక్షించే దారి కూడా ఒకటుంది. చాలా ఫోన్లలో ప్రధాన కెమెరా ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24 నుంచి 26 మి.మీ. వరకు ఉంటుంది, ఫ్రేము కూడా 4:3లోనే ఉంటుంది. కాబట్టి మీరు తీసే చోట్లలో ఫోన్ పట్టుకుని చూస్తే 30 మి.మీ. లెన్సు చూపించేది ఇంచుమించు అదే.

23 మి.మీ. పక్షాన బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాచను. దానితో తీసిన ఫొటోను 30 మి.మీ. చూపినంత మేరకు కత్తిరించినా మీ కెమెరాలో 60 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. భవనం లోపల వీపు గోడకు ఆనిన తర్వాత వెనక్కి జరిగే చోటుండదు; కెమెరాను పైకెత్తితే గోడలు లోపలికి వాలిపోతాయి. అలాంటప్పుడు కెమెరాను సమతలంగా ఉంచి విశాలంగా తీసి, అక్కరలేని నేలను తర్వాత కత్తిరించుకోవచ్చు. మీ దగ్గర షిఫ్ట్ లెన్సు లేకపోతే ఈ కారణంతోనే 30ని వద్దనేవాణ్ణి; అప్పుడు కూడా 23 కంటే ముందు జీఎఫ్ 20-35 మి.మీ. ఎఫ్/4 జూమ్‌ను చూడమనేవాణ్ణి, ఎందుకంటే అది మీ పాత లెక్కలో 16 నుంచి 28 వరకు వస్తుంది, బరువులో కూడా 845 గ్రాముల 23 కంటే తేలిక.

కానీ మీ దగ్గర షిఫ్ట్ లెన్సు ఉంది. మీ 16-35 జూమ్ ఏర్పరచే బింబవలయం, అంటే లెన్సు సెన్సర్ వైపు పరిచే గుండ్రటి బింబం, ఫుల్‌ఫ్రేమ్‌కు సరిపోయేంత మాత్రమే కాబట్టి కొత్త సెన్సర్ మీద మూలలు నల్లబడతాయి. షిఫ్ట్ లెన్సుకు పక్కకు జరిగే వీలు ఉండాలి కనుక దాని బింబవలయాన్ని 67.2 మి.మీ. వ్యాసంతో తయారుచేశారు. అది మీ సెన్సర్‌ను పూర్తిగా కప్పి, కొంత జరిపే వీలు కూడా మిగులుస్తుంది. పైగా మీ సెన్సర్ మీద ఆ 24 మి.మీ. పాత లెక్కలో 19 అవుతుంది. భవనాల లోపల 23 మి.మీ. చేయవలసిన పనిని ఏ కత్తిరింపూ లేకుండా ఇదే చేసిపెడుతుంది. ఫోకస్ చేత్తో చేయవలసిందే అయినా, ట్రైపాడ్ మీద నిదానంగా చేసే ఈ పనిలో అది ఇబ్బంది కాదు.

కాబట్టి ప్రకృతి దృశ్యాల కోసం 30 మి.మీ. తీసుకోండి. అది 510 గ్రాములే ఉంటుంది, ఫిల్టర్లు 58 మి.మీ. చాలు, 23కు 82 మి.మీ. ఫిల్టర్లు కావాలి. మిగిలిన డబ్బుతో కెనాన్ లెన్సును మీ ఫుజీఫిల్మ్ కెమెరాకు తగిలించే, విద్యుత్ సంబంధాలున్న అడాప్టర్ కొనండి, ఎందుకంటే ఆ కెనాన్ లెన్సుకు అపెర్చర్ రింగు లేదు, కెమెరా నుంచే దాన్ని మార్చాలి. షిఫ్ట్ కొలబద్ద మీద 12 దాకా ఉన్నా, అడ్డ ఫ్రేములో 9 మి.మీ. దగ్గర, నిలువు ఫ్రేములో 7 మి.మీ. దగ్గర ఆగండి, అది దాటి లెన్సును పైకి జరిపితే పైకప్పు మూలలు నల్లబడడం వ్యూఫైండర్‌లోనే కనిపిస్తుంది.