పోలిక ఆగిపోయే చోటు

కర్నూలు

పాపా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. గాజు మీద పాలిమర్ బ్రష్‌లు, అంటే కుంచె వెంట్రుకల్లా నిలబడే పొడవాటి అణు గొలుసులు, పెంచే పని గురించి తెలుగులో రాయాలని కూర్చున్నావు చూడు, నాకు అదే పెద్ద సంతోషం.

అయితే కరెంటును మోసే పాలిమర్లకు వచ్చిన 2000 నాటి నోబెల్‌తో మొదలుపెట్టావు. హీగర్, మాక్‌డయార్మిడ్, షిరకావా పేర్లు తర్వాత చెప్పొచ్చు. నువ్వు ఫోన్లో చెప్పిన ఆ రెండు గాజు ముక్కలతో మొదలుపెట్టు. రెండింటి మీదా పాలీథయోఫీన్ పొరే, అదీ కరెంటును మోసే పాలిమరే. ఒకటి స్పిన్ కోటింగ్‌తో, అంటే గాజును గిర్రున తిప్పుతూ ద్రావణం పోసి, పూసింది, ఒకటి అక్కడే పెంచింది. క్లోరోఫాంలో ముంచితే పూసింది కరిగిపోయింది, పెంచింది కదల్లేదు. ఎందుకని పాఠకుడు అడుగుతాడు. ప్రతి గొలుసూ ఒక కొసన గాజుకు రసాయన బంధంతో అతుక్కుని ఉందని అప్పుడు చెప్పు.

వరి పోలిక బాగుంది. కేసీ కాలువ కింద పెరిగినదానివి కాబట్టే తట్టింది. తయారైన గొలుసుల్ని తెచ్చి అంటిస్తే నాట్లు వేసినట్టు. ముందు అంటుకున్నవి అడ్డుపడతాయి, వెనక వచ్చేవాటికి చోటు దొరకదు, పొర పలచనవుతుంది. గాజు మీదే మొదలుపెట్టి పెంచితే విత్తనం చల్లినట్టు. ఒత్తుగా లేస్తాయి, ఒరగడానికి చోటు లేక నిలబడతాయి. ఇంతవరకూ సరే.

తర్వాత ‘వరిలాగే పెరుగుతాయి’ అన్నావు. అక్కడ తప్పింది. వరి ఆకు మొదట్లోంచి సాగుతుంది. నీ గొలుసు కొసలో పెరుగుతుంది. దాని తిండి పైనున్న ద్రావణంలో ఉంది, నికెల్ ఉత్ప్రేరకం ఆ కొసను వదలకుండా ఒక్కో థయోఫీన్ వలయాన్నీ చేరుస్తూ పోతుంది.

నేనూ ఒకప్పుడు కరెంటును కాలువ నీళ్లతో పోల్చి రాశాను. మా వీధి లైన్‌మన్ చదివి, “కాలువకు గండిపడితే నీళ్లు పోతాయి కదా సార్, తీగ తెగితే కరెంటు ఎందుకు కారిపోదు?” అన్నాడు. ఆ ఒక్క చోటుతో వ్యాసమంతా ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. అప్పటినుంచి పోలిక ఎక్కడిదాకా పనికొస్తుందో అక్కడే రాసేస్తున్నాను.

ఇంకొకటి. ఒకటి విడిచి ఒకటి ద్విబంధాలు ఉండబట్టి ఎలక్ట్రాన్‌కు గొలుసు పొడవునా పోవడం తేలిక, గొలుసు నుంచి గొలుసుకు దూకడం కష్టం. పడుకున్న గొలుసుల్లో కింది నుంచి పైకి పోవాలంటే దూకుతూ పోవాలి. నిలబడ్డవాటిలో దారి నేరుగా ఉంది. ఇంత కష్టపడి పెంచేది అందుకే కదా! దానికి ఒక్క వాక్యం ఇచ్చావు. ఒక పేజీ ఇవ్వమ్మా.

చెడిపోయిన రోజులు కూడా రాయి. ద్రావణిలో కాస్త తేమ మిగిలినా గొలుసుకు తిండైన గ్రిగ్నార్డ్ కారకం (మెగ్నీషియం సమ్మేళనం) పాడవుతుంది, గాజు ఖాళీగా బయటికొస్తుంది. వానల్లో నెలంతా అలాగే పోయిందని ఫోన్లో ఏడ్చావు. ఆ నెల వ్యాసంలో ఎక్కడా లేదు. తేమ ఎక్కడినుంచి వస్తోందో చివరికి ఎలా పట్టుకున్నావో రాసి, ఆ పేజీలు ముందు పంపు.

ఆశీస్సులతో,
నీ పెదనాయన