తూకం కదలకపోయినా చేస్తావా?

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "నా ఒంటిని ఇష్టపడుతూనే బరువు తగ్గాలనుకోవడం తప్పా అత్తయ్యా?" అని అడిగావు. తప్పు కాదు తల్లీ. ఈ రెంటికీ పొసగదని నీ స్నేహితురాలు అన్న మాటలో నిజం లేకపోలేదు గానీ, అది సగమే. రెండు వైపులా దెబ్బ తిన్నదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాకు 32 ఏళ్లప్పుడు నాలుగు నెలల్లో 18 కిలోలు తగ్గాను, కడుపు మాడ్చుకుని. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. దువ్వెన నిండా ఊడొచ్చే జుట్టు, మెట్లెక్కితే తిరిగే కళ్లు ఎవరికీ కనబడలేదు. తర్వాత పిత్తాశయంలో రాళ్లు తేలాయి. మరీ వేగంగా తగ్గేవాళ్లకి అవి వచ్చే అవకాశం ఎక్కువని ఆపరేషన్ అయ్యాక తెలిసింది. రెండేళ్లు తిరక్కుండా పోయిన బరువంతా వచ్చేసింది, పైన ఇంకో మూడు కిలోలతో సహా.

నాకు పట్టుదల లేదు కాబోలని చాలా ఏళ్లు కుమిలిపోయాను. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆర్నెల్లపాటు అరకొర తిండి పెట్టి చూశాడని చదివాకే ఆ బాధ తీరింది. వాళ్లు బరువులో దాదాపు పావు వంతు కోల్పోయారు. పగలూ రాత్రీ తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. తిండి మళ్లీ దొరికాక ఎంత తిన్నా తృప్తి లేదన్నవాళ్లున్నారు. కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోన్ వస్తుందని 1994లో కనుక్కున్నారు. కొవ్వు తగ్గితే అదీ తగ్గుతుంది, మెదడు కరువొచ్చిందనుకుని ఆకలి పెంచుతుంది. మన ఒళ్లు మనల్ని కాపాడుకోవాలని చేసే పనిని మనం సోమరితనం అంటున్నాం.

ఇక రెండో దెబ్బ. మోకాలి నొప్పని వెళ్లినా, చెవిపోటని వెళ్లినా "ముందు బరువు తగ్గండి" అనే డాక్టరు ఒకరు తగిలారు. ఆ అవమానంతో నాలుగేళ్లు ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు. నేనెలా ఉన్నా బాగానే ఉన్నానని అందరితో అనేదాన్ని. ఆ మాట మంచిదే, దాని చాటున నా భయాన్ని దాచుకోవడం మంచిది కాలేదు. ఆ నాలుగేళ్లూ బీపీ పెరుగుతూ పోయింది, నాకు తెలియనే లేదు.

అందుకే నువ్వు మొదట చేయాల్సింది పరీక్షలు. బీపీ, పరగడుపున షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి, కొలెస్టరాల్, థైరాయిడ్. నెలసరి సరిగా రావడం లేదన్నావు, అది కూడా చెప్పు. డాక్టరు బరువు దగ్గరే ఆగిపోతే, "సన్నగా ఉన్నవాళ్లు ఇదే బాధతో వస్తే ఏ పరీక్షలు రాస్తారో, నాకూ అవే రాయండి" అని మర్యాదగా అడుగు. నేను ఈ మాట నేర్చుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

బీఎంఐ అంకె, అంటే ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క, చూసి బెంగపడకు. ఆ లెక్క 1830లలో కెతలే అనే బెల్జియం గణాంకవేత్త జనాభా సగటు కోసం వేసింది. దానికి 1972లో బీఎంఐ అని పేరు పెట్టింది, పైన చెప్పిన కీసే. కండ ఎంతో కొవ్వు ఎంతో, ఆ కొవ్వు ఎక్కడ చేరిందో దానికి తెలియదు. నడుము చుట్టుకొలత నీ ఎత్తులో సగానికి లోపు ఉందా అని టేపుతో చూసుకో, అది ఇంకాస్త ఉపయోగం.

ఎంత తగ్గాలన్నది కూడా నువ్వనుకుంటున్నంత కాదు. షుగరు అంచున ఉన్నవాళ్ల మీద అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం, ఇవీ వాళ్లు పెట్టుకున్న లక్ష్యాలు. మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. నీ 84 కిలోలకి అది ఆరు కిలోలైనా కాదు. పెళ్లినాటి ఫొటోలోని నడుము దీనికి అక్కర్లేదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకో: తూకం కదలకపోయినా ఇది చేస్తానా? నడక చేస్తావు, ఊపిరి బాగుంటుంది. వారానికి రెండు రోజులు బరువులెత్తుతావు, కండ నిలుస్తుంది. వేళకి నిద్రపోతావు. మరి ఒంట్లో విషాలు కడిగేస్తామనే ఆ వెల్‌నెస్ పొడులు? తూకం కదలకపోతే మర్నాడే పారేస్తావు. కాలేయం, మూత్రపిండాలు ఆ పని ఊరికే చేసిపెడుతున్నాయి. డాక్టరు మందు గానీ ఇంజెక్షన్ గానీ అవసరమంటే సిగ్గుపడకు. ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుందని మాత్రం ముందే తెలుసుకుని మొదలుపెట్టు.

నీ స్నేహితురాలి మీద కోపం పెట్టుకోకు. లావుగా ఉన్నవాళ్ల హక్కుల కోసం అమెరికాలో 1969లోనే సంఘం పెట్టుకున్నారు. ఒళ్లు ఎలా ఉన్నా దాన్ని గౌరవించుకోవాలనే బాడీ పాజిటివిటీకి వేళ్లు అలాంటి పోరాటాల్లోనే ఉన్నాయి. ఉద్యోగంలో, ఆసుపత్రిలో మనిషిగా చూడమని వాళ్లడిగారు. ఆ గౌరవం నీకు ఈరోజే రావాలి, ఆరు కిలోలు తగ్గాక కాదు. కాబట్టి ఇప్పటి కొలతలకి సరిపోయే బట్టలు కుట్టించుకో. బిగుతైనవి ఎదురుగా వేలాడదీసుకుని రోజూ బాధపడకు. పాప ముందు నీ పొట్టని తిట్టుకోకు, వింటూ ఉంటుంది.

తిన్నది కక్కేయాలనిపించినా, దాచుకుని తింటున్నా, రోజంతా తిండి లెక్కలే తిరుగుతున్నా బరువు సంగతి వదిలేసి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లు. ఆ జబ్బు సన్నవాళ్లకే వస్తుందనుకోవడం పొరపాటు. నాకైనా చెప్పు, ఏ వేళైనా సరే.

రిపోర్టులు రాగానే ఫోన్ చెయ్యి. అంకెలు ఎలా ఉన్నా చెయ్యి.

మీ అత్తయ్య